దక్షిణం గోలు ముందు నీడ

గడ్డి కోసే మిషన్ని నేను. పెట్రోలు తాగి రొద పెట్టే రకం కాదు, వెనక నుంచి మనిషి తోస్తే కదిలే పాతకాలపు దాన్ని. రెండు ఇనప చక్రాలు, వాటి నడుమ మెలితిరిగిన ఐదు బ్లేడ్లు, కింద కదలకుండా ఉండే ఒక ఉక్కు పట్టీ, వెనక రోలరు, చేతులానించడానికి ఒక హేండిలు. అంతే నా ఒళ్ళు. తిరిగే బ్లేడు ఆ పట్టీని ఒరుసుకున్నచోట గడ్డి తెగుతుంది. మీకు నాలుక ఎలాగో నాకు ఆ అంచు అలాగ. ఎండలో పెరిగిన పోచో, నీడలో పెరిగిన పోచో, దాహంతో ఉన్నదో, నీళ్ళెక్కువై ఉబ్బినదో తెగిన క్షణంలోనే నాకు తెలిసిపోతుంది. చెప్పడానికి నోరు లేదు. నోరుండి, చెప్పవలసినచోట ఒకసారి చెప్పలేకపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. నేను చెప్పబోయేది ఆయన సంగతి. పేరు గొర్లె దాలినాయుడు.

నన్ను లూథియానాలో ఒక చిన్న కార్ఖానాలో పోతపోసి, సానపట్టి, ఆకుపచ్చ రంగు వేసి రైలెక్కించారు. దిగింది గజరాయపురంలో, జనపనార మిల్లు మేనేజరు గారి బంగళాలో. బంగళా ముందు నాలుగు సెంట్ల పచ్చిక. దాని నడుమ 'గడ్డి మీద నడవరాదు' అని బోర్డు. ఎవరూ నడవని ఆ గడ్డిని శుక్రవారం శుక్రవారం ముచ్చటగా కోసేవాళ్ళం. మేనేజరు గారి కుక్క మాత్రం బోర్డు చదవలేదు గనక హాయిగా పొర్లేది. పదిహేనేళ్ళు అలా గడిచాక ఒకరోజు మిల్లు గేటుకి తాళం పడింది. బంగళాలో సామానంతా వేలం వేశారు. గోడగడియారంతో, పాత కుర్చీలతో పాటు నన్ను మున్సిపాలిటీ వాళ్ళు తీసుకున్నారు.

అదే మిల్లులో నార బేళ్ళు మోసిన దాలినాయుడు, పని పోయాక, మున్సిపల్ మైదానంలో మాలీగా చేరాడు. నన్ను తోసే పని ఆయనకి అప్పజెప్పారు. కాని కోయడానికి అక్కడ గడ్డేదీ? ఎర్ర గులక, పల్లేరుకాయలు, నడుమ రెండు గోలు కర్రలు. బంతాట ఆడే కుర్రాళ్ళ మోకాళ్ళ మీద ఎప్పుడూ పచ్చి పుళ్ళే. దాలినాయుడు వారం రోజులు ఆ పుళ్ళని చూశాడు. తరవాత ఎవరూ చెప్పకుండానే పని మొదలెట్టాడు.

ఆయనా, ఆయన భార్య పైడమ్మా కలిసి పొలంగట్ల మీద గరిక పెకలించి గోనెసంచుల్లో మోసుకొచ్చేవారు. కణుపు కణుపుకీ తెంపి, తొలకరి పడ్డాక జానెడు దూరంలో ఒక్కొక్క ముక్క నాటారు. వినాయకుడికి ఇరవై ఒక్క పోచలు చాలు. మైదానం అంత తక్కువకి లొంగలేదు. రెండు వానాకాలాలు వంగిన నడుము ఎత్తకుండా నాటితే, మూడో ఏడు ఆశ్వయుజానికి గులక కనపడకుండా పోయింది. అప్పుడు నన్ను బయటికి తీశాడు. మొదటి వరస కోసి వెనక్కి తిరిగి చూసుకుని, చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, వట్టి కాళ్ళతో రెండో వరస మొదలెట్టాడు.

ఇరవై ఏళ్ళ పాటు మా ఇద్దరికీ అదే లోకం. గరిక ఎండలో ఎంత కాలితే అంత గట్టిపడుతుంది. కోస్తే కరకరమని జొన్నరొట్టె విరిచినట్టు తెగేది. ఆ గడ్డి మీదే సంతోషి ఆట నేర్చుకుంది. రైల్వే గేటు దగ్గర సైకిళ్ళు బాగుచేసే చంద్రయ్య కూతురు. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళన్న వెనకాల వచ్చి, అన్న మానేసినా తను మానలేదు. పదిహేడేళ్ళకి జిల్లా జట్టులో ఆడింది. బంతి కాలికి అంటించుకుని ఒక్క గిరుకు తిరిగిందంటే, పట్టుకోవడానికొచ్చిన ఆడపిల్లలిద్దరూ ఒకరినొకరు పట్టుకునేవారు. ఆ గిరుకు చూడ్డానికే జనం వచ్చేవారు. దాలినాయుడు నన్ను గోలు వెనక నిలబెట్టి, హేండిలు మీద మోచేతులానించి చూసేవాడు.

జనం కూర్చునేది దక్షిణం వైపు, గోలు వెనక మట్టి మెట్ల మీద. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అక్కడ రోజూ మొదటి మెట్టు మీద కూర్చునే పెద్దమనిషి పొట్నూరు సన్యాసినాయుడు గారు. వయసులో ఉండగా గోలుకీపరు. డెబ్బై దాటినా ఒక్క ఆట మానేవారు కాదు. ఒక ఏడు వైశాఖంలో, వేసవి టోర్నమెంటు ఫైనలునాడు, ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆట మధ్యలో సన్యాసినాయుడు గారు చెయ్యెత్తి ఏదో అరవబోయి పక్కకి ఒరిగిపోయారు. దాలినాయుడు నన్ను వదిలేసి పరుగెత్తాడు. ఆయన్ని రెండు చేతుల మీదా ఎత్తుకుని మైదానం అడ్డంగా దాటి గేటు దగ్గర రిక్షా దాకా మోసుకెళ్ళాడు. వడదెబ్బ. ఆస్పత్రికి చేరేలోగానే ప్రాణం పోయింది.

కొడుకు జగ్గారావు ఊళ్ళో లేడు. రాత్రి బస్సుకి వచ్చి తండ్రి ముఖం చూశాడు. రెండేళ్ళకి అతను మున్సిపల్ చైర్మన్ అయ్యాడు. కుర్చీలో కూర్చోగానే మొదటి సంతకం మైదానం గ్యాలరీ మీద పెట్టాడట. మట్టి మెట్లు పోయి సిమెంటు మెట్లొచ్చాయి. పైన నలభై అడుగుల ఎత్తున రేకుల కప్పు, వెనకవైపు కూడా పైదాకా రేకులే. ముందుకి పొడుచుకొచ్చి గోలుకి రెండంగల దూరంలో ఆగింది చూరు. మీద సన్యాసినాయుడు గారి పేరు, పెద్ద అక్షరాలతో.

"ఇంక ఈ మైదానంలో ఎండకి ఎవడూ పోకూడదు," అన్నాడు జగ్గారావు ప్రారంభంనాడు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో దాలినాయుడూ ఉన్నాడు. ఆ పెద్దాయన ఒంటి బరువు ఆయన చేతులకింకా గుర్తే. ఇన్నాళ్ళకి మంచి పని జరిగిందనే అనుకున్నాడు.

అది ఆశ్వయుజం. కార్తీకం వచ్చాక తెలిసింది.

ఒకరోజు పదకొండు గంటలవేళ దక్షిణం గోలు ముందు నన్ను తోస్తుంటే దాలినాయుడి పాదాలు తడిశాయి. మిగతా మైదానం మీద మంచు ఎప్పుడో ఆరిపోయింది. ఇక్కడ మాత్రం ఒక్కో పోచ మీద బొట్టు అలాగే ఉంది. ఆయన ఆగి తలెత్తి చూశాడు. సూర్యుడు దక్షిణానికి వాలి గ్యాలరీ కప్పు వెనక ఉన్నాడు. రేకుల అంచు వెంట ఒక మెరుపు గీత, అంతే. నా సంగతి అడిగితే, ఆ వేళ మొదటిసారి నా బ్లేళ్ళకి తెగని గడ్డి దొరికింది. ఎండ కోసం మెడలు సాచి పోచలు పొడుగ్గా, పల్చగా, పాలిపోయి ఉన్నాయి. పట్టీ మీద పడి నలిగాయే గాని తెగలేదు. పళ్ళు లేనివాడు తోటకూర కాడ నమిలినట్టయింది నాకు.

దాలినాయుడు అప్పుడు చెయ్యవలసిందే చేశాడు. నా మరలు తిప్పి, ఆ ముప్ఫై అడుగుల మేరా కోత ఎత్తు రెండు గాట్లు పెంచాడు. ఎండ తక్కువైన గడ్డికి ఆకన్నా మిగిలితే కాస్త బతుకుతుందని. నీళ్ళు తగ్గించాడు. మరునాడే మున్సిపల్ ఇంజనీరు కామేశం గారు వచ్చారు.

"ఏమయ్యా, ఒకపక్క క్షవరం చేసి ఒకపక్క వదిలేసినట్టుందేమిటి?"

"ఆ పక్క ఎండ తగల్నేదండి. గరిక నీడ ఓర్సుకోదు. పొట్టిగా కోస్తే సచ్చిపోతాదండి."

"చెట్ల కింద గడ్డి పెరగడం లేదా?"

"పెరిగీది గరిక కాదండి."

కామేశం గారు చెడ్డవాడు కాదు. సిమెంటు గురించీ ఇనుము గురించీ ఆయనకి తెలియంది లేదు. గడ్డి తనంతట తనే మొలుస్తుంది గనక దాని గురించి తెలుసుకోవలసింది ఉంటుందని ఆయనకి తోచలేదు. "సమానంగా కొయ్యి. పాలిపోయినచోట యూరియా జల్లి నీళ్ళు బాగా పెట్టు," అని వెళ్ళిపోయారు. దాలినాయుడు చైర్మన్ దగ్గరికి వెళ్ళి చెప్పాలనుకున్నాడు. ఆఫీసు దాకా వెళ్ళాడు కూడా. లోపల గోడ మీద సన్యాసినాయుడు గారి పటం, దానికి దండ. ఆ పటం కింద నిలబడి 'మీ నాయన పేరున్న కప్పు గడ్డిని చంపుతోంది' అని ఎలా అంటాడు? నమస్కారం పెట్టి తిరిగొచ్చేశాడు.

సమానంగా కోశాం. యూరియా జల్లాడు, నీళ్ళు పెట్టాడు. గడ్డి వారం రోజులు పచ్చగా ఉబ్బి తరవాత కుళ్ళింది. పుష్యమాసానికి గోలు ముందు పాచి పట్టిన నల్ల బురద మిగిలింది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి రాగానే అక్కడక్కడా నాలుగు కణుపులు మళ్ళీ పాకాయి. కార్తీకం రాగానే మళ్ళీ పోయాయి.

ఆ రెండో చలికాలంలోనే ఆడపిల్లల అంతర్ జిల్లా పోటీలు మా మైదానానికొచ్చాయి. గోలు ముందు బురదేమిటని పైనుంచి మాట వచ్చింది. అయిదురోజుల ముందు గోదావరి వైపు నర్సరీ నుంచి లారీలో గడ్డి తివాచీలు దిగాయి. చాపల్లా చుట్టిన గడ్డి. బురద మీద ఇసక పోసి, వాటిని అంచుకంచు కలిపి పరిచారు. పరిచింది దాలినాయుడే.

పోటీ రోజు పొద్దున్న ఆయన మడమతో ఒక అంచు నొక్కి చూశాడు. గడ్డి కింద మట్టిని పట్టుకోలేదు. మంచం మీద దుప్పటిలా జరిగింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా అంతే. అప్పుడే సంతోషి బూట్ల తాళ్ళు బిగించుకుంటూ అటొచ్చింది.

"తాతా! మన దక్షిణం గోలు కూడా పచ్చగా చేసీసేవే!"

ఆయన వెనక నాలుగడుగుల్లో చైర్మన్, ఇంజనీరు, దండలు వేసుకున్న అతిథులు. దాలినాయుడు నోరు తెరిచాడు. నా హేండిలు మీద ఆయన చేతులు బిగిసిన బిగువు నాకు తెలుసు. మళ్ళీ వదులైన సంగతీ తెలుసు. చిన్నగా నవ్వి తలూపాడు. అంతే. సంతోషి పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

రెండో సగంలో ఆమె జట్టు దక్షిణం గోలు మీదికి ఆడుతోంది. బంతి ఎడమపక్క నుంచి వచ్చింది. సంతోషి దాన్ని ఆపి, ఎడమ కాలు గట్టిగా ఊని గిరుకు తిరిగింది. కాలి కింద గడ్డి చాప మడతపడ్డట్టు మడతపడింది. ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. గ్యాలరీలో చల్లటి నీడలో కూర్చున్న రెండువేల మందికీ ఆ కేక వినపడింది.

దాలినాయుడే ముందు చేరుకున్నాడు. ఆయన చేతుల మీదుగా ఆ మైదానం దాటిన రెండో మనిషి ఆమె.

విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. నడక వస్తుందన్నారు. గిరుకు తిరిగే ఆటలు ఇక వద్దన్నారు. తండ్రి చంద్రయ్య కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాడు. ప్రభుత్వానికి కోపం రావడానికి ఒక కాలమూ, కదలడానికి ఒక కాలమూ ఉంటాయి కాబోలు, మార్గశిరంలో దెబ్బ తగిలితే విచారణకి వైశాఖంలో వచ్చారు. మిట్టమధ్యాహ్నం, ముగ్గురు అధికారులు, వాళ్ళకి గొడుగులు పట్టిన ముగ్గురు బంట్రోతులు.

"ఇక్కడ నీడ వల్ల గడ్డి చచ్చిందన్నావట. ఏదయ్యా నీడ?"

దాలినాయుడు చూశాడు. నీడ మనిషి కాళ్ళకిందే ఇంకిపోయే రోజులవి. సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉన్నాడు. గ్యాలరీ నీడ గ్యాలరీ మెట్ల మీదే ముడుచుకుని ఉంది. గోలు ముందంతా ఎండే. పైగా ఆ ఎండకి గరిక అక్కడక్కడా చిగిర్చి కూర్చుంది.

"ఇప్పుడు నేదండి. సలికాలం వస్తాది."

"నీడ కూడా వలస వెళ్తుందా?"

అందరూ నవ్వారు. కామేశం గారు ఒక్కరే నవ్వలేదు. ఆయన తలెత్తి సూర్యుడి కేసీ, చూరు కేసీ ఒకసారి చూసి, ఏదో అనబోయి కాగితాల్లోకి తల దించేసుకున్నారు. 'మాలీ అతిగా నీళ్ళు పెట్టినందున నేల మెత్తబడి ప్రమాదం జరిగింది' అని అధికారులు రాశారు. దాలినాయుణ్ణి ఊరి చివర పిల్లల పార్కుకి మార్చారు. మైదానానికి పెట్రోలు మిషనొకటి తెప్పించారు కాబట్టి నన్నూ ఆయనతో పాటే పంపేశారు. నేరం నాదేమీ లేదు గాని, ఆ బదిలీకి నేను బాధపడలేదు.

పార్కులో ఆయన పని తక్కువ, మాటలు ఇంకా తక్కువ. రెండు ఉయ్యాలల మధ్య గడ్డి కోయడం, నాకు నూనె పెట్టడం. పైడమ్మ పన్నెండింటికి అన్నం తెచ్చేది. "ఏటాలోసిస్తన్నావు?" అని అడిగేది. "ఏటీ నేదు," అనేవాడు. ఆ యేడాదిలో ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

మార్గశిరం మళ్ళీ వచ్చింది. ఒక పొద్దున్న సంతోషి వచ్చింది. కొంచెం కుంటుతోంది. ఉయ్యాల బల్ల మీద కూర్చుంది. దాలినాయుడు నా పక్కనే గొంతుక్కూర్చుని నూనె గుడ్డ చేత్తో నలుపుతున్నాడు.

"తాతా, నీళ్ళెక్కువ పెట్టేవా? కాయితంలో అలాగ రాసేరు."

"పెట్టేను. పెట్టమన్నారు, పెట్టేను."

"దానికే నేల జారిందా?"

ఆయన గుడ్డ కింద పెట్టాడు. "నీళ్ళ మాట అలగుంచు తల్లీ. ఆ గెడ్డికి ఏర్లు నేవు. నాకు తెలుసు. పొద్దున్న కాలెట్టి సూసినాను, జారింది. నువ్వొచ్చి నవ్వుకుంటూ మాటాడితే, ఎనకాల పెద్దోళ్ళున్నారని నోరు మూసుకున్నాను. ఆ ఒక్క మాట సెప్పుంటే నువ్వు అక్కడ అలగ తిరిగీదానివి కాదు. ఏడాది నుంచీ మీ గుమ్మం దాకా వస్తన్నాను, తిరిగెల్లిపోతన్నాను."

సంతోషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో దుఃఖమో నాకు తెలీదు, నా అంచుకి గడ్డి తప్ప మనుషులు అంతుపట్టరు. "చెప్పుండవలసింది తాతా," అంది చివరికి. "చెప్పుండవలసింది." ఆయన తలదించుకుని ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. పార్కు గోడ మీదికి ఎండ వచ్చేదాకా అక్కడే కూర్చుంది. తరవాత అడిగింది: "ఏర్లెందుకు లేవు?"

ఆయన లేచి, పార్కులో ఎండ పడేచోట ఒక గరిక దుబ్బు, మరుగుదొడ్డి గోడ నీడలో ఒక దుబ్బు గునపంతో పెకలించి తెచ్చాడు. మట్టి దులిపి రెండూ ఆమె ఒళ్ళో పెట్టాడు. ఎండలో దాని వేళ్ళు మూరెడు పొడుగు. నీడలో దానివి బొటనవేలంత లేవు. సంతోషి వాటిని తిప్పి తిప్పి చూసింది.

"నీడ వలస వెళ్తుందా అని నవ్వేరంట కదా. ఎక్కడిదాకా వస్తుందో గీసి చూపిద్దాం," అంది.

ఆదివారం పొద్దున్నే నన్ను తోసుకుంటూ మైదానానికి బయల్దేరాడు. మిషను మైదానం గదిలో పెట్టి సాన పట్టాలని చెబితే గేటు కాపలావాడు అడ్డుచెప్పలేదు. నన్ను ఉత్తరపు గట్టు మీద నిలబెట్టారు. అక్కణ్ణుంచి అంతా కనపడుతుంది. ఎనిమిది గంటలకి సంతోషి, ఆమెతో ఆడిన ఇద్దరమ్మాయిలు, గీతలు గీసే సున్నం డబ్బాతో దిగారు. నీడ అంచు ఎక్కడుందో అక్కడ మైదానం అడ్డంగా తెల్లటి గీత గీశారు. తొమ్మిదింటికి ఇంకో గీత. పదింటికి ఇంకోటి. సంతోషి వంగినప్పుడల్లా మోకాలు పట్టుకుని లేచేది. ఉత్తరపు సగంలో పిల్లలు బంతాడుకుంటున్నారు. వాళ్ళ ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు ముప్ఫై నలభై మంది ఉంటారు.

సాయంత్రం నాలుగింటికి తొమ్మిదో గీత పడింది. అన్నిటికంటే గ్యాలరీకి దగ్గరగా ఉన్నది పన్నెండు గంటల గీత. గోలు నుంచి పదంగలు. ఆ గీతకీ గోలుకీ నడుమ పొద్దుటి నుంచి ఒక్క ఎండపొడ పడలేదు. సున్నం గీత ఆగినచోటే బురద మొదలైంది, రెండూ ఒక్కరే గీసినట్టు.

నాలుగున్నరకి జగ్గారావు వచ్చాడు. రోజూ సాయంత్రం వచ్చి తండ్రి పేరు కింద కాసేపు కూర్చుని వెళ్ళడం అతనికి అలవాటు. గీతలు చూసి ఆగిపోయాడు. దాలినాయుణ్ణి చూసి ముఖం గట్టిపడింది.

"ఏమిటిదంతా?"

సంతోషి ముందుకొచ్చి ఏ గీత ఎన్నింటిదో చెప్పింది. పన్నెండు గంటల గీతకి అవతల, గోలు వైపు బురదలో ఒకచోట ఆగి, "నేను పడింది ఇక్కడండి," అంది. జగ్గారావు ఆమె మోకాలి కేసి చూసి చూపు తిప్పుకున్నాడు. దాలినాయుడితో అన్నాడు:

"మా నాయన్ని మోసుకెళ్ళింది నువ్వే. ఆ ఎండ ఎలాంటిదో నీకు తెలీదా?"

"తెలుసు బాబూ. ఆయన ఒళ్ళు పెనం లాగ కాలిపోయింది, నా సేతుల్లోనే కదా. నీడ వొద్దని నాను అనను. గాని ఆయన పోయింది వైశాకం. ఇది మార్గసిరం. బాబు కోపగించుకోకండి, ఒక్కసారి అటు సూడండి."

ఆయన గ్యాలరీ కేసి చెయ్యి చాపాడు. అంత పెద్ద గ్యాలరీలో, కప్పు కింద, ఒక్క మనిషి లేడు. తరవాత నేనున్న ఉత్తరపు గట్టు కేసి చూపించాడు. వచ్చిన ముప్ఫై నలభై మందీ ఇక్కడే, సిమెంటు మెట్లు వదిలేసి, గట్టు మీద మట్టిలో కూర్చుని ఎండ కాగుతున్నారు. ముసలివాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని సూర్యుడికి వీపు పెట్టారు.

జగ్గారావు చాలాసేపు ఇటే చూశాడు.

"సలికాలం నీడ మడిసికీ వొద్దు, గెడ్డికీ వొద్దు బాబూ," అన్నాడు దాలినాయుడు మెల్లగా. "ఏసంగిలో సూర్యుడు నెత్తి మీదుంటాడు, అప్పుడు కప్పేసినా గెడ్డికి ముప్పు నేదు. రేకులు తీయించీసి, ఉగాది ఎల్లినాక తాటాకు సలవపందిరి ఎయ్యండి. వానలు పడ్డాక ఇప్పీవొచ్చు. ఆ పెద్దాయనకి రేకులకన్నా తాటాకే సల్లగా ఉంటాది."

జగ్గారావు మెట్లెక్కి, పేరు కింద కూర్చున్నాడు. చలికి కాబోలు, కాసేపటికి లేచి, చేతులు కట్టుకుని దిగి వెళ్ళిపోయాడు.

ఫాల్గుణంలో కూలీలు వచ్చారు. పైరేకులూ వెనక రేకులూ బోల్టులు విప్పి దించారు. ఊళ్ళో గోల లేకపోలేదు. కన్నకొడుకే తండ్రి గుర్తు కూలగొట్టాడని కొందరన్నారు. పేరున్న పలక మాత్రం ఇనప స్తంభాల మీద అలాగే ఉంది. చైత్రం చివర తాటాకు పందిరి వేశారు. విచారణ కాగితం తిరగరాయమని కామేశం గారు తనంతట తనే పైకి రాశారు. పందిరి వేసిన నెలలోనే దాలినాయుడికి పదవీ విరమణ వయసొచ్చింది. కాగితం తిరిగొచ్చేసరికి ఆయన ఉద్యోగం అయిపోయింది. పార్కులోనే, రెండు ఉయ్యాలల మధ్య, దండ వేసి శాలువా కప్పారు.

ఆషాఢంలో పందిరి విప్పగానే ఆయన గోనెసంచితో మైదానానికి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. నల్లబడిన మట్టి తవ్వి ఆరబెట్టి, కొత్త ఇసక కలిపి, మళ్ళీ కణుపు కణుపుకీ నాటాడు. వంగలేక పైడమ్మ పీట వేసుకుని కూర్చుని నాటింది. లేత గడ్డి పెట్రోలు మిషను బరువు ఓర్చుకోదని నన్ను పార్కు నుంచి వెనక్కి తెప్పించారు. మొదటి కోతకి నా బ్లేళ్ళకి కరకర వినిపించింది. మూడో కోతకి ఒక బ్లేడు పగిలింది. అలాంటి బ్లేడు ఇప్పుడెక్కడా చెయ్యరట.

కార్తీకం రెండో వారంలో సంతోషి వచ్చింది. ఇప్పుడు ఆమె పొద్దున్న పూట ఆడపిల్లలకి ఆట నేర్పుతోంది, కాని ఉత్తరపు సగంలోనే. దెబ్బ తగిలిన దగ్గర్నించీ, సున్నం గీసిన ఆ ఒక్కరోజు తప్ప, దక్షిణం గోలు ముందు ఆమె కాలు పెట్టలేదు. పెనాల్టీ గీత దగ్గర ఆగిపోయింది. దాలినాయుడు గోలు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈసారి అడగకుండానే సెప్తన్నాను తల్లీ," అన్నాడు. "పొద్దున్న మడమతో పద్నాలుగు సోట్ల నొక్కి సూసినాను. ఎక్కడా జరగనేదు. నీకు నమ్మకం కుదిరితేనే రా. నేకపోతే వొద్దు."

సంతోషి బూట్లు విప్పి గీత అవతలే పెట్టింది. వట్టి కాళ్ళతో లోపలికి వచ్చింది. కార్తీకపు ఎండ ఆ ముప్ఫై అడుగుల మీదా సమంగా పరుచుకుని ఉంది. తను పడినచోటికి వచ్చి ఆగి, ఎడమ పాదం గడ్డిలో ఊని, మెల్లగా బరువంతా దాని మీద వేసింది. నేల కదల్లేదు. ఇంకొంచెం సేపు అలాగే నిలబడి, తిరిగి చూసి, గీత అవతల బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ఆడపిల్లల్ని చెయ్యూపి పిలిచింది.

"రండే," అంది. "ఇక్కడ తిరగొచ్చు."

వాళ్ళందరూ ఒక్కసారే పరుగెత్తుకొచ్చారు. దాలినాయుడు నన్ను వాళ్ళ దారిలోంచి గోలు పక్కకి లాగి, హేండిలు మీద మోచేతులానించి, ఆట మొదలయ్యేదాకా చూశాడు.

నేనిప్పుడు గ్యాలరీ మెట్ల కింద గదిలో ఉన్నాను, పాత వలలూ గాలిపోయిన బంతుల మధ్య. పగిలిన బ్లేడు అలాగే ఉంది. తలుపు సందులోంచి పొద్దున్న పూట పిల్లల అడుగుల చప్పుడు వినిపిస్తుంది. మెత్తటి చప్పుడు కాదు, గట్టి నేల మీద చప్పుడు.